పడవలోకి ఫ్రెండ్ వస్తున్నాడా? పిలిచిన రోజు నుంచి విమానం ఎక్కించేదాకా

తెరచాప పడవలో ఉష్ణమండల దీవుల మధ్య తిరిగేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది తుఫానుల గురించి కాదు, లంగరు గురించి కూడా కాదు. "మా ఫ్రెండ్ పది రోజులు వచ్చి ఉంటానంటున్నాడు, ఏమేం చూసుకోవాలి?" అని. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకే చోట వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఇంటికి చుట్టం వచ్చినప్పుడు చెల్లే మొహమాటం పడవలో చెల్లదు. వచ్చినవాడు కడుపులో తిప్పుతోందని చెప్పడు. టాయిలెట్ పంపు ఎలా కొట్టాలో రెండోసారి అడగడు. మనమేమో ఆ తేదీకి అక్కడికి చేరలేమని చెప్పలేక తలూపేస్తాం. నేను చూసిన గొడవల్లో సగానికి పైగా ఇలా మొదలైనవే. అందుకే అడగాల్సినవీ చెప్పాల్సినవీ ముందే అయిపోయేలా ఈ వరస పెట్టాను.

1. చోటు చెప్పండి, లేదా తేదీ చెప్పండి

పడవల వాళ్లందరూ చెప్పే మాటే ఇది: వచ్చేవాడు చోటైనా ఎంచుకోవచ్చు, తేదీ అయినా ఎంచుకోవచ్చు, రెండూ కుదరవు. వినడానికి మొండిగా ఉంటుంది కానీ లెక్క చూడండి. మామూలు సెయిల్‌బోట్ గంటకి 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్లు పోతుంది. 20 మైళ్ల దూరంలోని దీవికి గాలి పక్క నుంచి వస్తే నాలుగు గంటలు. అదే గాలి ఎదురైతే వంకరటింకరగా వెళ్లాలి, అలలు కొడతాయి, రోజంతా పడుతుంది. గాలి 25 నాట్లు (గంటకి 25 నాటికల్ మైళ్లు) దాటితే అసలు బయల్దేరకూడదు.

ఫ్రెండ్ విమానం అందుకోవాలని వాతావరణం చూడకుండా బయల్దేరడమే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని. అలా ఒకసారి బయల్దేరి, రాత్రంతా తడిసి, చిరిగిన తెరచాపతో చేరాను. వాడి విమానం ఆరు గంటలు లేటు.

పాటించాల్సినవి:

- చోటు ఖాయం చేస్తే, మీరు అక్కడికి కనీసం మూడు నాలుగు రోజులు ముందే చేరి లంగరు వేసి ఉండండి.
- తేదీ ఖాయం చేస్తే, ఏ దీవికి రావాలో చివరి వారంలో చెప్తామని ముందే చెప్పండి. పెద్ద విమానాశ్రయం దాకా టికెట్ ముందే తీసుకుని, అక్కడి నుంచి చిన్న విమానమో ఫెర్రీయో తర్వాత చూసుకోమనండి.
- దిగేదీ ఎక్కేదీ ఒకే విమానాశ్రయం అయితే మంచిది. చుట్టూ సగం రోజు దూరంలో రెండు మూడు లంగరు చోట్లు ఉన్న దీవి చూడండి.
- ఏడు నుంచి పది రోజులు సరైన కొలత. నాలుగు రోజులకే వస్తే వాంతులు తగ్గేసరికి తిరుగు ప్రయాణం. రెండు వారాలు దాటితే ఎంత ప్రాణస్నేహితులైనా చెంచా శబ్దానికి కూడా చిరాకు పుడుతుంది.

సీజన్ కూడా చెప్పండి, ఎందుకంటే సెలవులు చూసుకునేవాడు దీన్ని చూడడు. ఉత్తర అట్లాంటిక్, కరీబియన్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. దక్షిణ పసిఫిక్‌లో తుఫానుల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఇంకో చిక్కు ఉంది: తూర్పు కరీబియన్‌లో డిసెంబరు, జనవరిల్లో వాణిజ్య పవనాలు రోజుల తరబడి గట్టిగా వీస్తాయి, వాటిని క్రిస్మస్ గాలులు అంటారు. అందరికీ సెలవులు దొరికేది సరిగ్గా అప్పుడే. కొత్తవాళ్లయితే ఫిబ్రవరి తర్వాత రమ్మనండి.

2. కాగితాలు: విమానం లెక్క వేరు, పడవ లెక్క వేరు

మీ ఫ్రెండ్ విమానంలో దిగి మీ పడవలో ఇంకో దేశానికి వెళ్తాడనుకోండి. చేతిలో తిరుగు టికెట్ ఉండదు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. దీనికి ముందే కెప్టెన్‌గా మీరు ఒక ఉత్తరం రాసి పంపాలి. అందులో పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ దేశపు జెండా, ఫ్రెండ్ పాస్‌పోర్ట్ వివరాలు, ఎక్కడ ఎక్కుతాడు, ఎక్కడ దిగుతాడు అన్నవి ఉండాలి. పడవ రిజిస్ట్రేషన్ కాపీ జత చేయండి. ఫోన్లో కాదు, ప్రింటు తీసుకుని చేతిలో పెట్టుకోమనండి. దానికీ ఒప్పుకోని ఎయిర్‌లైన్లు ఉంటాయి కాబట్టి, డబ్బు వెనక్కిచ్చే టికెట్ ఒకటి కొని ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

వీసా విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది రెండు చోట్ల.

ఒకటి, అమెరికా. వీసా అక్కర్లేని దేశాలవాళ్లు విమానంలో ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతితో వెళ్లిపోతారు. కానీ సొంత పడవలో వస్తే అది చెల్లదు, వీసా ఉండాల్సిందే. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో టోర్టోలా నుంచి చూస్తే ఎదురుగా కనిపించే సెయింట్ జాన్ అమెరికాది. "అదిగో, అక్కడికేగా" అని వెళ్లే దూరంలా ఉంటుంది, కానీ వీసా లేనివాడిని తీసుకెళ్తే బాధ్యత కెప్టెన్‌దే.

రెండు, ఫ్రెంచి దీవులు. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్‌వే అయినా షెంగెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో లేవు. షెంగెన్ వీసా ఉంది కదా అని ధీమాగా వెళ్లకుండా, ఆ దీవులకి వీసా ఏం కావాలో విడిగా చూసుకోవాలి. తూర్పు కరీబియన్‌లో ఒక రోజు ప్రయాణంలో దేశం మారిపోతుంది. వెళ్లాలనుకున్న ప్రతి దీవికీ పాస్‌పోర్ట్‌ని బట్టి నియమం చూడండి.

కొత్త దేశం చేరాక ఇంకా అనుమతి కాలేదని తెలిపే పసుపు క్యూ జెండా ఎగరేసి, క్లియరెన్స్ (ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పని) అయ్యేదాకా కెప్టెన్ ఒక్కడే ఒడ్డుకి వెళ్లాలి. ఫ్రెండ్‌కి ఇది ముందే చెప్పకపోతే మీరు ఆఫీసులో ఉండగా ఈదుకుంటూ బీచ్‌కి చేరిపోతాడు. అతన్ని క్రూ లిస్టులో చేర్చడం ఎంత ముఖ్యమో, విమానంలో వెళ్లిపోయేటప్పుడు తీయించడం అంతే ముఖ్యం. లేకపోతే మీరు బయల్దేరే రోజున "ఇంకో మనిషి ఏడీ?" అని అడుగుతారు.

3. లగేజీ: ఏం తేవాలి, ఏం తేకూడదు

చక్రాల గట్టి సూట్‌కేసు పడవలో ఎక్కడా పట్టదు. మడిచి పరుపు కింద పెట్టగలిగే మెత్తటి బ్యాగే తేవాలి. ఈ ఒక్క మాట మూడుసార్లు చెప్పండి, రెండుసార్లు చెప్తే సరిపోవడం లేదు.

ఫ్రెండ్‌కి పంపాల్సిన జాబితా:

- పొడుగు చేతుల ఈత చొక్కాలు రెండు, తాడున్న టోపీ
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, వాటికి తాడు
- సొంత ముఖానికి సరిపోయిన డైవింగ్ మాస్క్
- తలకి పెట్టుకునే లైటు, ఎర్ర వెలుగు ఉన్నదైతే మంచిది
- రోజూ వాడే మందులు, ఉండే రోజులకి రెట్టింపు
- పగడపు రాళ్ల మీద నడవడానికి చెప్పులు, నల్ల గీతలు పడని అడుగున్నవి
- సెయిలింగ్‌కీ, అత్యవసరంగా ఆసుపత్రికి తరలించడానికీ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్

హెయిర్ డ్రయ్యర్ వద్దు, స్ప్రే సన్‌స్క్రీన్ వద్దు. స్ప్రే సగం గాలికి పోతుంది, మిగతా సగం డెక్ మీద పడి జారుతుంది.

ఇక మన స్వార్థం. పడవకి కావాల్సిన స్పేర్ పార్టులు ఫ్రెండ్‌తో తెప్పించుకోని వాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. తప్పు లేదు, కానీ బ్యాగులో పావు వంతు మించకూడదు. బిల్లు వెంట ఉండాలి, దాని మీద పడవ పేరు, "ప్రయాణంలో ఉన్న పడవకి విడిభాగాలు" అని రాసి ఉండాలి. చాలా దేశాల్లో దాన్ని చూపిస్తే సుంకం మినహాయిస్తారు. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, 160 దాకా ఎయిర్‌లైన్‌ని అడగాలి. సిగ్నల్ ఫ్లేర్లు, గ్యాస్ డబ్బాలు, పెట్రోల్ వాసన వచ్చే పాత ఇంజన్ భాగాలు విమానం ఎక్కవు. ఒకసారి నా ఫ్రెండ్ సెక్యూరిటీలో పదిమంది ముందు టాయిలెట్ పంపు తీసి అదేమిటో వివరించాల్సి వచ్చింది. అదృష్టం, కొత్తది.

4. వాడు రాకముందు పడవలో చేయాల్సినవి

గెస్ట్ క్యాబిన్ అని మనం పిలిచేది అప్పటికి సామాన్ల కొట్టు అయ్యుంటుంది. ముందు దాన్ని ఖాళీ చేయాలి. తర్వాత ఒక రాత్రి మీరే అక్కడ పడుకోండి. ఏ తాడు ఎక్కడ కొట్టుకుంటోందో, గాలి వస్తోందో లేదో, ఏ కిటికీ కారుతోందో అప్పుడే తెలుస్తుంది. కిటికీ సంగతి ముందే చూడాలంటే పై నుంచి ఒక బకెట్ నీళ్లు పోయండి.

- 12 వోల్టుల ఫ్యాన్, దోమతెర, తల దగ్గర చిన్న లైటు
- వాళ్ల సామానుకి పూర్తిగా ఖాళీ చేసిన ఒక అర, ఒక వల సంచి
- ప్రయాణంలో మంచం నుంచి దొర్లిపోకుండా పక్కన కట్టే గుడ్డ
- నీళ్ల ట్యాంకు నిండా, గ్యాస్ సిలిండర్ కొత్తది
- టాయిలెట్ పంపు, వాల్వులు సరిచూడటం (పాడయ్యేది ఎప్పుడూ గెస్ట్ వచ్చిన మూడో రోజునే)
- వాళ్ల కొలతకి సరిచేసిన లైఫ్ జాకెట్
- సరుకుల అట్టపెట్టెలు ఒడ్డునే పారేయడం, ఎందుకంటే బొద్దింకలు, వాటి గుడ్లు వాటిలోనే వస్తాయి

5. మొదటి పరీక్ష డింగీ

విమానం దిగి, అలసిపోయి, బ్యాగులతో ఉన్న మనిషిని ఊగే రబ్బరు పడవలోకి ఎక్కించడం చిన్న విషయం అనుకోకండి. నేను చూసిన దెబ్బలు సముద్రంలో తగిలినవి తక్కువ, డింగీకీ జెట్టీకీ మధ్య తగిలినవి ఎక్కువ.

వరస ఇది. ముందు మీరు దిగి కూర్చోండి. బ్యాగులు అందుకోండి. ఫోను, పాస్‌పోర్ట్ తడవని సంచిలోకి. అప్పుడు ఫ్రెండ్‌ని రమ్మనండి: చేతుల్లో ఏమీ ఉండకూడదు, అడుగు అంచు మీద కాదు, సరిగ్గా మధ్యలో వేయాలి, వేసిన వెంటనే కూర్చోవాలి. దూకకూడదు. నిలబడి "ఎక్కడ కూర్చోను?" అని అడగకూడదు. చేతివేళ్లు డింగీ అంచు బయట పెట్టకూడదు, అల వచ్చి జెట్టీకి కొడితే నలిగేది అవే.

పడవ దగ్గరకి వచ్చాక ఒకరి తర్వాత ఒకరు. అల పైకి లేపినప్పుడు అడుగేయాలి, కిందికి దిగేటప్పుడు కాదు. మనిషి చేతిని కాకుండా పడవకి బిగించిన కమ్మీని పట్టుకోమనండి. మీ చేయి ఇస్తే ఇద్దరూ పడతారు.

ఇంజన్ నడిపేవాడు ఆపుడు తాడు (మనిషి పడితే ఊడి ఇంజన్‌ని ఆపేసేది) మణికట్టుకో కాలికో తగిలించుకోవాలి. రాత్రి అయితే తెల్ల లైటు వెలగాలి. ఫ్రెండ్ మీద మర్యాద కొద్దీ ఇవి మానేసేవాళ్లని చూశాను.

6. టాయిలెట్ పాఠం, సిగ్గుపడకుండా

మొదటి రాత్రికి ముందే ఇది అయిపోవాలి. చెప్పడం చాలదు. ఖాళీ టాయిలెట్ గిన్నెతో మీ కళ్ల ముందు వాళ్లే ఒకసారి చేసి చూపించాలి. నవ్వులాటగా మొదలుపెడితే మొహమాటం పోతుంది.

చేతి పంపున్న టాయిలెట్ అయితే:

- కూర్చోకముందే లివర్‌ని నీళ్ల వైపు తిప్పి రెండు మూడుసార్లు కొట్టి గిన్నె తడపాలి.
- అయ్యాక నిదానంగా, పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి ఇరవై సార్లు. ఐదుసార్లు గబగబా కొడితే గిన్నె ఖాళీ అవుతుంది కానీ సరుకు పైపు మధ్యలోనే ఆగుతుంది. రేపటి కంపు అదే.
- తర్వాత లివర్‌ని పొడి వైపు తిప్పి గిన్నె ఖాళీ అయ్యేదాకా కొట్టాలి.
- లివర్ పొడి వైపే వదిలేయాలి. మర్చిపోతే పడవ ఒరిగినప్పుడు సముద్రం నెమ్మదిగా గిన్నెలోకి, గిన్నె నిండి గదిలోకి వస్తుంది.
- పంపు బిగుసుకుంటే బలం చూపించకూడదు. ఆపి, పిలవాలి. ఆ పైపు విప్పేది మనమే అని గుర్తుంచుకోండి.

నోట్లోంచి లోపలికి వెళ్లనిది ఏదీ ఆ గిన్నెలోకి వెళ్లకూడదు. కాగితం మూతున్న డబ్బాలోకి. పక్కన చిన్న చేతి షవర్ బిగిస్తే కాగితం గొడవే సగం తగ్గుతుంది. మగవాళ్లు కూడా కూర్చునే వెళ్లాలి. డెక్ అంచున నిలబడి సముద్రంలోకి పోయడం సరదా కాదు, పడవల మీద నుంచి మనుషులు పడిపోయే కారణాల్లో అదొకటి.

నీళ్ల సంగతి కూడా అప్పుడే చెప్పేయండి. సబ్బు స్నానం సముద్రంలో, వెనక నిచ్చెన దగ్గర. ఆఖర్న మంచినీళ్లు రెండు లీటర్లు. వంట గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి మంచినీళ్లతో ఒకసారి తొలపాలి. తాగే నీళ్లకి మాత్రం లెక్క లేదు. ఆ ఎండలో మనిషికి రోజుకి మూడు లీటర్లైనా లోపలికి పోవాలి. ఫోన్లు, కెమెరాలు పగలు సోలార్ ఉన్నప్పుడే చార్జ్ చేయాలి.

7. భద్రత: అరగంట, లంగరు తీయకముందు

కదిలాక చెప్తే వినరు, డాల్ఫిన్లు చూస్తుంటారు. లంగరు మీద ఉండగానే చేతిలో పట్టించి చూపించాలి.

ఒక చేయి ఎప్పుడూ పడవకి: నడిచేటప్పుడు ఏదో ఒకటి పట్టుకునే ఉండాలి. బూమ్, అంటే తెరచాప అడుగున అడ్డంగా ఉండే దూలం, తిరిగే దారిలో తల ఉండకూడదు. వించ్‌కి (తాళ్లు బిగించే చక్రానికి) చుట్టిన తాడు దగ్గరా, లంగరు గొలుసు దగ్గరా వేళ్లు, జుట్టు, వదులు బట్టలు ఉండకూడదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే పడవ అడుగుకి చేరి కూర్చుంటుంది. వంట అవగానే సిలిండర్ దగ్గరే కట్టేయాలి. వాసన వస్తే స్విచ్ ఏదీ ముట్టుకోకుండా పిలవాలి.

మనిషి నీళ్లలో పడితే గెస్ట్ చేయాల్సింది: గట్టిగా అరవడం, తేలే వస్తువు ఏదైనా విసరడం, పడినవాడి వైపు వేలు చూపిస్తూ కళ్లు తిప్పకుండా ఉండటం. 5 నాట్ల వేగంలో పడవ నిమిషానికి 150 మీటర్లు దాటిపోతుంది. అలల మధ్య తల కొబ్బరికాయంత కనిపిస్తుంది, ఒక్కసారి కళ్లు తిప్పితే మళ్లీ దొరకదు.

పడేది మీరే అయితే? ఇద్దరే ఉండే పడవల్లో ఈ ప్రశ్న అడగడానికి ఎవరికీ మనసు రాదు. కానీ గెస్ట్‌కి మూడు పనులు వచ్చి తీరాలి: ఇంజన్ ఆన్ చేయడం, తెరచాప వదిలేయడం, రేడియోలో పిలవడం. వీహెచ్ఎఫ్ ఛానెల్ 16, మూత కింద ఉన్న ఎర్ర బటన్ అలారం మోగేదాకా నొక్కి పట్టుకోవాలి. పడవ పేరు, మనం ఉన్న చోటు తెర మీద ఎక్కడ చదవాలో ఒక కార్డు మీద రాసి రేడియో పక్కన అంటించండి.

8. కడుపులో తిప్పడం

సముద్రపు వాంతులు బలహీనత కాదని మొదటి ఫోన్లోనే చెప్పండి. ఎన్నో ఏళ్లు తిరిగినవాళ్లకీ వస్తాయి. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది.

మందుల విషయంలో అసలు తప్పు ఆలస్యం. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. మెక్లిజిన్ లాంటివి బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపలమైన్ ప్యాచ్ కనీసం నాలుగు గంటల ముందు పెట్టాలి, మూడు రోజులు పనిచేస్తుంది. గ్లకోమా ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు. ముట్టుకున్న చేయి కడుక్కోకుండా కళ్లు నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఏ మందైనా డాక్టర్ని అడిగి, ఇంటి దగ్గరే ఒక రోజు వేసి చూసుకుని రమ్మనండి. కొందరు పూర్తిగా మత్తులోకి జారిపోతారు.

గుర్తులు మీరే కనిపెట్టాలి, వాళ్లు చెప్పరు. గలగలా మాట్లాడేవాడు మాట తగ్గిస్తాడు. ఆవలింతలు. పై పెదవి మీద చెమట, చల్లగా. నా ఫ్రెండ్ ఒకడు కాక్‌పిట్‌లో, అంటే డెక్ మీద కూర్చుని పడవ నడిపే చోట, ఒక మూలలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉన్నాన్రా, నువ్వు నడుపు" అన్నాడు. మొహం పచ్చి అరిటాకు రంగులో ఉంది. లేపి చుక్కాని చేతికిచ్చి, ఎదురుగా ఉన్న కొండ కొన చూపించి "దాని మీదికి పోనీ" అన్నాను. పది నిమిషాలకి తెరచాప సరిగ్గా లేదని నాకే చెప్పడం మొదలుపెట్టాడు.

అందరికీ అది పనిచేయదు. అప్పుడు ఈ వరస:

- క్యాబిన్‌లోకి దిగనివ్వకండి, ఫోన్ చూడనివ్వకండి. కళ్లు దూరంగా, ఆకాశం నీళ్లు కలిసే గీత మీద.
- అల్లం, ఉప్పు బిస్కట్లు, గుక్క గుక్కగా నీళ్లు. ఖాళీ కడుపు మంచిది కాదు.
- వాంతి బకెట్‌లోకి. ఒంటరిగా అంచు మీదికి వంగనివ్వకూడదు. తప్పదంటే గాలి వెళ్లే వైపు, నడుం తాడు కట్టి.
- ఇంకా తగ్గకపోతే పడవ మధ్యలో, కింద, కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకోబెట్టండి.
- నీళ్లు కూడా నిలవకుండా రోజంతా గడిస్తే దగ్గర్లో గాలి, అలలు తగలని చాటు చోటికి మళ్లండి. అక్కడితో ప్లాన్ మారినట్టే.

9. రోజులు ఎలా పంచాలి

దిగిన రోజు కదలకండి. రెండో రోజూ అక్కడే: ఈత, పాఠాలు, నిద్ర. మూడో రోజు మొదటి ప్రయాణం, రెండు మూడు గంటలు, దీవి చాటున, గాలి పక్క నుంచో వెనక నుంచో వచ్చే దిక్కుకి, తెరచాప ముందే కుదించి. మీకు నత్తనడకలా ఉంటుంది, వాళ్లకి అదే పెద్ద సాహసం. దీవికీ దీవికీ మధ్య సందుల్లో గాలి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ దాటుడు ఐదో రోజుకి ఉంచుకోండి. ఒక ప్రయాణం, ఒక విరామం అన్న లెక్కలో వెళ్తే చాలు. మధ్యలో ఒక రోజు వాళ్లు ఒడ్డున, మీరు పడవలో, విడివిడిగా గడపండి. దీన్ని ఎవరూ అడగరు, అందరికీ కావాలి.

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం మూడులోపు చేరేలా చూడండి. పగడపు దిబ్బలు కనిపించాలంటే సూర్యుడు ఎత్తులో, మన వెనక ఉండాలి. ఇక్కడే గెస్ట్‌కి అసలైన ఉద్యోగం: అణియం దగ్గర, అంటే పడవ ముక్కున, పోలరైజ్డ్ అద్దాలతో నిలబడటం. ముదురు నీలం లోతు. లేత ఆకుపచ్చ కలిసిన నీలం ఇసుక, కొన్ని మీటర్లే. గోధుమ రంగు పగడం, పోకూడదు. కానీ మబ్బు నీడ కూడా అలాగే కనిపిస్తుంది, అది కదులుతుంది, పగడం కదలదు. అరవడాలు ఇంజన్ మోతలో వినపడవు కాబట్టి చేతి సైగలు ముందే ఒప్పుకోండి: ఎడమ, కుడి, ఆపు. మూడు చాలు.

ఫ్రెంచ్ పాలినీషియాలోని టువమోటు లాంటి వలయాకారపు పగడపు దీవుల్లోకి వెళ్లే సన్నని దారుల్లో నీటి ఉరవడి పడవ వేగాన్ని మించిపోగలదు. పోటు, పాటు మారే నిలకడ సమయంలోనే దాటాలి. ఆ గంటలో గెస్ట్‌తో కబుర్లు వద్దు.

లంగరు ఇసుకలో, పగడం మీద కాదు. గొలుసు లోతుకి ఐదింతలు, గాలి పెరిగేలా ఉంటే ఏడింతలు. వేశాక మాస్క్ పెట్టుకుని ఈదుతూ వెళ్లి లంగరు నాటుకుందో లేదో చూసి రమ్మని గెస్ట్‌ని అడగండి. ఈత వచ్చినవాళ్లకి ఇది ఎంత నచ్చుతుందంటే తర్వాతి రోజు నుంచి చెప్పకుండానే దూకుతారు.

దూకేముందు నిచ్చెన దించి ఉందో లేదో చూడాలి. నవ్వకండి. నిచ్చెన పైకి మడిచి ఉన్న పడవలోకి నీళ్లలోంచి ఎక్కడం దాదాపు అసాధ్యం. అందరూ దూకేస్తే పైన ఎవరూ మిగలరు. వెనక ఒక తేలే తాడు వదలండి, ఈతగాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఇంజన్ తాళం మీ జేబులో ఉండాలి. ఈదేటప్పుడు ముందు ఉరవడికి ఎదురు వెళ్లి, అలసిపోయాక దానితో తిరిగి రావాలి.

10. ఎండ, చేపలు, గాయాలు

సన్‌స్క్రీన్ కంటే చొక్కా మేలు. పలావులో 2020 జనవరి 1 నుంచి, హవాయిలో 2021 జనవరి 1 నుంచి పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం మీద నిషేధం ఉంది. జింక్ ఆక్సైడ్‌ది తెమ్మనండి, తెల్లగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి.

దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేపలతో, ముఖ్యంగా బారకుడాతో జాగ్రత్త. వాటిలో ఉండగల సిగ్వటెరా విషం వండినా పోదు, రుచిలో తెలియదు. దొరికిన చోట తింటారో లేదో స్థానిక జాలరిని అడగండి. అనుమానం ఉంటే ఫొటో తీసుకుని వదిలేయండి.

పగడం గీసుకున్న చిన్న గాయం కూడా చీము పడుతుంది. వెంటనే మంచినీళ్లు, సబ్బుతో రుద్ది కడగాలి. స్టోన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, కాలు ముంచి ఉంచుతూ వైద్యం దగ్గరకి బయల్దేరాలి. నొప్పితో కాలికి వేడి సరిగ్గా తెలియదు, నీళ్ల వేడి ఇంకొకరు చేయి పెట్టి చూడాలి.

11. డబ్బు

రాకముందే మాట్లాడేయండి. ఒక డబ్బాలో ఇద్దరూ సమానంగా వేసి, సరుకులు, ఇంధనం, పార్కు ఫీజులు అందులోంచి తీయడం నాకు తెలిసి గొడవ లేని పద్ధతి. పడవ రిపేర్లు మీవే, గెస్ట్ వించ్ విరగ్గొట్టినా సరే. ఖర్చులు పంచుకోవడం దాటి "మనిషికి ఇంత" అని తీసుకుంటే అది చార్టర్, అంటే పడవని అద్దెకి తిప్పే వ్యాపారం కిందికి వస్తుంది. లైసెన్సు అడుగుతారు, మీ ఇన్సూరెన్స్ కూడా చెల్లకుండా పోవచ్చు.

12. వెళ్లే ముందు రెండు రాత్రులు

విమానానికి రెండు రాత్రుల ముందే విమానాశ్రయం ఉన్న దీవికి చేరి లంగరు వేయండి. ఒక రాత్రి చాలదా అంటే, వాతావరణం తిరగబడినప్పుడు ఆ రెండో రాత్రి విలువ తెలుస్తుంది.

- సిలిండర్‌తో డైవింగ్ చేసుంటే విమానానికి ముందు ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు. నేనైతే ఒక రోజంతా ఆపిస్తాను.
- క్రూ లిస్టులోంచి పేరు తీయించి స్టాంపు వేయించుకోవడం
- బట్టలు ఒకసారి మంచినీళ్లలో తొలిపి ఆరబెట్టడం (ఉప్పు పట్టిన బట్ట ఎన్ని రోజులైనా ఆరదు)
- విమానంలో వేసుకునే బట్టలు విడిగా, తడవని సంచిలో. జెట్టీ చేరాకే మార్చుకోవాలి
- పొద్దున్నే విమానం అయితే ముందు రోజు రాత్రే బ్యాగు ఒడ్డుకి చేర్చడం, లేదా ఒడ్డునే ఒక గది తీసుకోమనడం

విమానం ఎగిరాక పడవకి తిరిగొచ్చి వాళ్ల క్యాబిన్ కిటికీ మూసి ఉందో, టాయిలెట్ లివర్ పొడి వైపు ఉందో చూడండి. ఒక చార్జర్ తప్పకుండా మర్చిపోయి ఉంటారు, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది. దుప్పట్లు ఉతకడానికి మాత్రం వాన కోసం ఆగండి. ట్యాంకులో ఎన్ని నీళ్లు మిగిలాయో కర్ర ముంచి చూసుకుంటే మీకే తెలుస్తుంది.